మొదటి గుక్క

ఆ ఎండాకాలం మా ఇంట్లో నలభై తిత్తులు వేలాడాయి. వసారా దూలానికి, వేపకొమ్మలకు, చివరికి నేను చీరలు ఆరేసుకునే దండేనికి కూడా. తలల్లేని మేకలు ఉరేసుకున్నట్టున్నాయని వీధిలో వాళ్ళు నవ్వేవారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు.

తిత్తి అంటే మేకతోలుతో చేసే నీళ్ళ సంచి. పొట్ట చీల్చకుండా, చొక్కా విప్పినట్టు, మెడవైపు నుంచి తోలును ఒకే ముక్కగా ఒలవాలి. కాళ్ళ దగ్గర గట్టిగా కుట్టేస్తే మెడ దాని మూతి అవుతుంది. ఎంత ఎండలోనైనా అందులో నీళ్ళు చల్లగా ఉంటాయి. రాతిమీద పడినా పగలదు. మా మామ కరుణాకరం వయసులో ఉండగా గొర్రెల కాపరులు, అడవికి పోయేవాళ్ళు ఆయన దగ్గరే చేయించుకునేవారట. ప్లాస్టిక్ సీసాలు వచ్చాక ఆ పని మూలపడింది. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన చెప్పులు కుడుతున్నాడు. తర్వాత కళ్ళకు పొర కమ్మి, అదీ మానేశాడు.

శివరాత్రి వెళ్ళిన వారానికి దోర్నాల నుంచి మస్తానయ్య వచ్చాడు. రోడ్డు మీద హోటలు ఆయనది. ఆ ఏడే అడవి అంచున గుడారాలు వేసి, పట్నం వాళ్ళను తీసుకొచ్చి అడవిలో నడిపించే వ్యాపారం కూడా మొదలుపెట్టాడు. వాళ్ళకు దారి చూపించే చెంచుల అంకన్న వెంట ఉన్నాడు. మామకు అంకన్న పాత నేస్తం.

"పెద్దాయనా, ఇది నువ్వు కుట్టిందేనంట కదా?" అంటూ మస్తానయ్య అంకన్న భుజానున్న తిత్తిని తీసి మామ ఒళ్ళో పెట్టాడు.

మామ కుట్టు వెంట వేలు నడిపించాడు. "నాదే. ఎన్నేండ్లాయ అంకన్నా?"

"మా పెద్దోడు పుట్టిన యేడు ఇస్తివి గదన్నా. పద్దెనిమిది. తేనెకు పోయినా ఇదే, గడ్డలకు పోయినా ఇదే. నీళ్ళు ఇంకా తియ్యగనే ఉండాయి."

"ఇప్పుడు అడవిలోకి ప్లాస్టిక్ పోనిచ్చేది లేదు," అన్నాడు మస్తానయ్య. "చెక్‌పోస్టు దగ్గర్నే సీసాలన్నీ తీసి పెట్టుకుంటారు. మావోళ్ళు దీన్ని చూసి ఫోటోలే ఫోటోలు. నాకు ఇట్లాంటివి నలభై కావాల. ఏప్రిల్ ఇరవైకి పెద్ద గుంపు దిగుతాది. సరుకు బాగుంటే ఏడాది పొడుగునా మీకు పని నేనిస్తా."

మా ఆయన ఆనంద్ బాబు గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్ళు మార్కాపురం పలకల గనిలో రాయి కొట్టిన మనిషి. ఆ జనవరిలో డాక్టరు ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే ఉంది, మళ్ళీ గనిలో దిగితే నా దగ్గరికి రావద్దు అని తిట్టి పంపించాడు. అప్పటినుంచి కూలి కోసం ఊళ్ళు తిరుగుతున్నాడు. వానల్లేని ఏడు పొలాల్లో కూలి ఎవరిస్తారు? గని మేస్త్రీ మాత్రం వారానికోసారి మర్చిపోకుండా ఫోన్ చేస్తున్నాడు. ఏడాది పొడుగునా పని అన్న మాట విని మా ఆయన నావైపు చూశాడు. ఎన్నాళ్ళకో చూశాను ఆ ముఖంలో ఆశ. దాన్ని నిలబెట్టడానికి ఏమైనా చేయాలనిపించింది. చేశాను కూడా.

"నలభై అంటే ఎక్కువ నాయనా," అన్నాడు మామ. "నా కండ్లు..."

"అయితాయి మామా. నేను కుడతా. నువ్వు చెప్పు చాలు," అన్నాను. రవికలు కుట్టే చెయ్యి కదా, ఆ మాత్రం ధైర్యం ఉండేది.

మామ తల ఊపాడు. "సరే. ఒక మాట నాయనా. మా ఇంటి తిత్తి కొనేవాడు ఏదో ఒకటి ఏరి ఇయ్యాల. దాన్నిండా నీళ్ళు పోసి, కుట్టినోళ్ళు మొదటి గుక్క తాగాల. ఆ తర్వాతనే సరుకు గడప దాటేది."

మస్తానయ్య నవ్వాడు. "ఏంది పెద్దాయనా ఇది, కంపెనీ గ్యారంటీనా?"

"మా తాత కాలంలో ఆసాములు పెట్టిన షరతు. మాదిగోడు చచ్చిన మేక తోలు కలిపినాడేమోనని అనుమానం. ముందు మీరు తాగండిరా, మేం చూస్తాం అన్నారు. బావి దగ్గరికి మమ్మల్ని రానిచ్చేది లేదు. వాళ్ళే నీళ్ళు తెచ్చి దూరం నుంచి తిత్తిలో పోసేవాళ్ళు. వాళ్ళు అనుమానంతో పెట్టినారు. మేం దాన్ని మా మాట చేసుకున్నాం."

మస్తానయ్య నవ్వు ఆగిపోయింది. అంకన్న మాత్రం తన తిత్తిని మళ్ళీ భుజాన వేసుకుంటూ, "నాకిచ్చినప్పుడు సగం తిత్తి తాగేసినాడు ఈయన," అన్నాడు.

ఆ నెలన్నర మా ఇంట్లో సందడే సందడి. మా ఆయన తెల్లవారకముందే దోర్నాల, మార్కాపురం పోయి, మేకలు కోసేవాళ్ళ దగ్గర నిలబడి, తోలు తన చేత్తోనే ఒలుచుకొచ్చేవాడు. వాళ్ళకు వదిలేస్తే అలవాటు చొప్పున పొట్ట చీల్చేస్తారు. సున్నం నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కండ గీకి ఇస్తే నేను కుట్టేదాన్ని. కుట్టినదాన్లో తంగేడు చెక్క నానబెట్టిన నీళ్ళు నింపి వేలాడదీస్తే తోలు లోపలినుంచి పదును పడుతుంది. వాసన సంగతి చెప్పకూడదు. మూడో వారానికి ముక్కు అలవాటుపడి అన్నం తినగలిగాను.

మామ మంచం వేపచెట్టు కిందికి మారింది. నేను కుట్టిన ప్రతి కుట్టూ ఆయన వేలి కింద నుంచి పోవాల్సిందే.

"ఇది మిషన్ కుట్టు కాదమ్మా. రైలు మాదిరి పోతివంటే నీళ్ళు కూడా రైలు మాదిరే పోతాయి. విప్పు."

విప్పేదాన్ని. ఏడుపొచ్చేది. మళ్ళీ కుట్టేదాన్ని. పదిహేనో తిత్తికి ఆయన ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. ఆ రోజు నాకు పెళ్ళినాటి కంటే ఎక్కువ సంతోషమైంది. మా ఆయన దగ్గు కూడా కొంచెం తగ్గినట్టే అనిపించింది. రాత్రిళ్ళు మధ్యలో లేచి కూర్చోవడం లేదు. ఇక మేస్త్రీ ఫోన్ చేస్తే ఎత్తను అన్నాడు. ఎత్తలేదు కూడా.

ఏప్రిల్ తొమ్మిదికి నలభై తిత్తుల తంగేడు పని అయిపోయింది. ఇక మిగిలింది కడుగుడు. తిత్తినిండా మంచినీళ్ళు పోసి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి పారబోయాలి. అట్లా తొమ్మిది రోజులు. సున్నం ఘాటు, చెక్క వగరు, తోలు వాసన అన్నీ దిగిపోవాలి. "మనకు నీళ్ళు తాపే వస్తువుకు ముందు మనం తాపాల. లెక్క తగ్గితే తాగినోడి కడుపే చెప్తాది," అనేవాడు మామ. రోజూ సాయంత్రం పారబోసే వేళకు అడిగేవాడు.

"ఈ పొద్దు ఏ రంగు వచ్చినాయమ్మా?"

"డికాషన్ మాదిరి ఉండాయి మామా."

"మంచిది. రేపు బెల్లం పానకం రంగుకు వస్తాయి."

నలభై తిత్తులకు రోజుకు పది బిందెలు. మొదటి మూడు రోజులూ మా ఆయన ఒక రైతు బోరు దగ్గర నుంచి ఆటోలో డ్రమ్ములు తెచ్చాడు. నాలుగో రోజు ఆ బోరు ఎండిపోయింది. ఇక మిగిలింది మా వీధికి రెండు రోజులకొకసారి వచ్చే ట్యాంకరు. ఇంటికి ఆరు బిందెలు. మా ఆయన ఖాళీ డ్రమ్ములు వేసుకుని పొద్దున్నే నీళ్ళ వేటకు పోయేవాడు. సగం రోజులు ఖాళీ డ్రమ్ములతోనే వచ్చేవాడు.

నాలుగో రోజు సాయంత్రం పాత నీళ్ళు వీధి కాలవలో పారబోస్తున్నాను. ఎదురింటి రూతమ్మత్త రెండు ఖాళీ బిందెలు నడుమున పెట్టుకుని వచ్చి నిలబడింది. ఆమె కూతురికి పురుడై పదిరోజులైంది. ఆ రోజు ట్యాంకరు వాళ్ళ ఇంటిదాకా రాకముందే అయిపోయింది.

"బాలింతకు నీళ్ళు పోయాల్నే కోడలా. ఒక్క చుక్క లేదు ఇంట్లో," అంది. తర్వాత కాలవలో పోతున్న నీళ్ళను చూసింది. "నువ్వు తోళ్ళకు పోస్తుండావు," అంది మెల్లగా.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. నాకు నోరు తక్కువేం కాదు. ఆమె తిట్టలేదు. నేను తిత్తుల కోసం పెట్టుకున్న రెండు బిందెలు ఎత్తి ఆమె బిందెల్లో పోశాను.

మర్నాటి నుంచి నా చేయి నీళ్ళు నేల మీద పోయలేకపోయింది. ఎవరూ చూడకపోయినా పోయలేకపోయింది. ఈ నేల మీద పుట్టిన ఆడదానికి పారబోయడం చేతగాదు. బియ్యం కడిగిన నీళ్ళు మేకకు, గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్టుకు, అట్లా పెరిగినదాన్ని. అందుకని ఒక ఉపాయం పన్నాను. ఒక తిత్తిలో నీళ్ళు రెండోదాన్లోకి, రెండోదాన్లోవి మూడోదాన్లోకి. మూడు బిందెలతో నలభై తిత్తులూ తడిశాయి. మిగిలిన నీళ్ళు రూతమ్మత్తకు. అప్పుడు నాకు అది తెలివిగా కనిపించింది. ఒక తిత్తిలో దిగిన సున్నం రెండోదాన్లోకి పోతుందని తెలియక కాదు. తెలిసినా, ఎంత పోతుందిలే అనుకున్నాను.

"ఈ పొద్దు ఏ రంగు?" అని అడిగాడు మామ.

నా చేతిలో నీళ్ళు నల్లగా ఉన్నాయి.

"బెల్లం పానకం మామా."

"రేపటికి పలచబడతాయి చూడు."

ఆరో రోజు పలచటి టీ అన్నాను. ఏడో రోజు నిమ్మకాయ నీళ్ళు. తొమ్మిదో రోజు "తేట మామా, అడుగు కనిపిస్తాంది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ కళ్ళకు పొర లేకుండా ఉంటే నేను అట్లా చెప్పగలిగేదాన్ని కాదు. తిత్తుల్ని పైపైన తుడిచి, నీడలో ఆరబెట్టి, మూతులకు ఎర్ర దారం కట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

గుంపు దిగే ముందురోజు పొద్దున్నే మస్తానయ్య వ్యాను వేసుకుని వచ్చాడు. మా ఆయన చలువ చొక్కా వేసుకుని ఎదురుపోయాడు. మొదటి గుక్క ఎట్లాగూ అవుతుందిలే అని, టీ అయ్యేలోపల సగం పైగా తిత్తులు వ్యానులోకి ఎక్కించాడు కూడా.

"అదరగొట్టినారు పెద్దాయనా," అన్నాడు మస్తానయ్య. "రేపే గుంపు దిగుతాంది. నేను పోవాల."

"ఒకటి ఏరు నాయనా."

"అయ్యో, నాకు నమ్మకం ఉంది లే."

"నీకుంది. మాట మాది గదా," అన్నాడు మామ.

మస్తానయ్య ఫోను చూసుకుంటూనే దండెం మీదున్న ఒకదాన్ని వేలితో చూపించాడు. మా ఆయన దాన్ని తీసి, కుండలో నీళ్ళతో నింపి, టీ తాగినంతసేపు అట్లాగే వేలాడదీశాడు. టీ అయిపోయాక మామ తిత్తికోసం చేయి చాపాడు. ఆయన నాలుకను మోసం చేయలేనని నాకు తెలుసు. చటుక్కున తిత్తిని నేనే అందుకున్నాను.

"కుట్టింది నేను గదా మామా. నేను తాగుతా."

ఆయన చాపిన చేయి నా తలమీద పడింది. "నిజమే. నువ్వే తాగాల. ఇంక ఈ మాట నీది," అన్నాడు. ఆయన గొంతులో గర్వం. ఆ క్షణాన నేను భూమిలోకి దిగిపోతే బాగుండేది.

మూతి విప్పి ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాను. సున్నం నాలుకను పట్టేసింది. వెనకనే వగరు, దాని వెనక మురుగు వాసన. ఎదురుగా మా ఆయన నవ్వుతూ చూస్తున్నాడు. కళ్ళు మూసుకుని కొంచెం మింగాను. మళ్ళీ కొంచెం. ఆఖరుది పైకి వస్తుంటే పళ్ళు బిగబట్టి మింగాను.

"బాగుండాయి మామా," అన్నాను.

"అయిపాయ గదా. ఎక్కించు ఆనందూ," అన్నాడు మస్తానయ్య.

మామ కదల్లేదు. తల పక్కకు వంచి ఉన్నాడు.

"మంచినీళ్ళ గుక్క మింగడానికి మూడుసార్లు పట్టదమ్మా," అన్నాడు.

వీధిలో రూతమ్మత్త మనవరాలు ఏడుస్తోంది.

"ఎన్ని దినాలు కడిగినావు?"

"మూడు," అన్నాను. తర్వాత అంతా చెప్పేశాను, బోరు, ట్యాంకరు, రూతమ్మత్త బిందెలు, ఒకదాన్లోవి ఒకదాన్లోకి పోయడం. మా ఆయన వైపు చూడలేదు.

మామ మస్తానయ్య వైపు తిరిగాడు. "ఇంకా తొమ్మిది దినాలు కావాల నాయనా. నీళ్ళు నువ్వు తెప్పిస్తే కడిగి ఇస్తాం."

"తొమ్మిది దినాలా! రేపు దిగుతారు అంటే!" మస్తానయ్య నెత్తి గోక్కున్నాడు. "పెద్దాయనా, నా మాట విను. వాళ్ళకు భుజాన వేసుకోని ఫోటో దిగను కావాల, అంతే. తాగేదానికి నేను ఇంకేదన్నా చూస్తా. ఎక్కించండి."

"ఎండలో నడిచి నడిచి, భుజాన నీళ్ళ తిత్తి పెట్టుకోని తాగకుండ ఉంటారా నాయనా?"

"నీ ఇష్టం. ఇప్పుడు ఇస్తే ఏడాది పని. లేదంటే నేను స్టీలు సీసాలు తెచ్చుకుంటా. మళ్ళీ ఇంతదూరం రాను."

ఇద్దరూ మా ఆయన వైపు తిరిగారు. నేనూ అప్పుడే చూశాను. ఆయన నా దగ్గరికి వచ్చి చేతిలో తిత్తి తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఉమ్మేయలేదు. మింగి, కాసేపు దగ్గాడు. మూతి కట్టి తిత్తిని దండేనికి తగిలించాడు. తర్వాత వ్యాను దగ్గరికి పోయి, లోపలున్న వాటిని రెండు రెండుగా దించడం మొదలుపెట్టాడు. చలువ చొక్కాకు తంగేడు మరకలు అయ్యాయి.

వ్యాను పోయాక ఆయన ఫోను తీసుకుని వేపచెట్టు అవతలికి పోయాడు. మేస్త్రీతో మాట్లాడుతున్నాడని ఆ నిలబడిన తీరులోనే తెలిసింది.

సాయంత్రం మామకు అన్నం పెట్టినప్పుడు ఆయనే ఎత్తాడు ఆ మాట.

"రూతమ్మకు నీళ్ళిచ్చింది తప్పు కాదు. ఒకదాన్లోవి ఒకదాన్లోకి పోసింది కూడా ఏదో తెలియక అనుకుంటా. నన్ను అడిగి ఉంటే ఇరవై చాలు, మిగతావి వానలకు ఇస్తాం అని చెప్పేవాణ్ణి గదమ్మా. నా కండ్లు నీకిచ్చి కూచున్నా నేను. నల్లటివాటిని తేట అని చెప్పినావు."

ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. లేపలేదు. తినడం మాత్రం ఆపలేదు. నేను వండిన అన్నం ఆయన తిన్నాడని, ఆ రాత్రికి దానితోనే సరిపెట్టుకున్నాను.

సోమవారం నుంచి మా ఆయన గనికి పోయాడు. వారానికే పాత దగ్గు వచ్చేసింది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, ఎర్రటి ఎండలో, ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. బిందెలో నీళ్ళు ఆయన చేతులమీద పోస్తుంటే నేను ఆయన ముఖం చూసేదాన్ని కాదు. తిత్తులు దండేనికి అట్లాగే వేలాడాయి. ఎవరూ నవ్వడం లేదు.

మృగశిర వచ్చిన నాలుగు రోజులకు వాన పడింది. మొదటి చినుకులకే నేను ఇంట్లో ఉన్న డ్రమ్ములు, తొట్లు, గంగాళాలు అన్నీ చూరు కింద పెట్టాను. మర్నాడు తిత్తులన్నీ నింపాను. దేనికని ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు. సాయంత్రం పారబోస్తుంటే మంచం మీద నుంచి వినిపించింది. యాభై రోజులు దాటాక.

"ఏ రంగు?"

"నలుపు మామా. కంపు కూడా ఉంది."

"ఊఁ."

వాన ఉన్నన్నాళ్ళు వాన నీళ్ళు, లేనప్పుడు తొట్లో నిలవ నీళ్ళు. తొమ్మిది రోజులు లెక్క తప్పలేదు. ఆరో రోజుకు కూడా పానకం రంగే వస్తే అదే చెప్పాను. తొమ్మిదో రోజు కూడా లేత పసుపు జీర ఉందని చెప్పాను. "అయితే ఇంకో దినం," అన్నాడు. పదో రోజు తేట అని చెప్పి, ఒక దోసెడు తెచ్చి ఆయన చేతిలో పోయబోయాను. ఆయన చేయి చాపలేదు.

"నువ్వు చెప్పినావు గదా," అన్నాడు.

అంకన్న వచ్చి, తన గూడెం వాళ్ళకని ఎనిమిది తీసుకుపోయాడు, తేనె వచ్చినప్పుడు తేనె ఇస్తానని. మిగతావాటిని గనిలో పనిచేసేవాళ్ళే అడిగి తీసుకున్నారు. బండల మధ్య పడినా పగలదు, మధ్యాహ్నానికి కూడా నీళ్ళు చల్లగా ఉంటాయి, గొంతులో దుమ్ము దిగుతుంది అన్నారు. ప్రతి ఒక్కరినీ ఏరుకోమన్నాను. ప్రతిదాంట్లోంచీ మొదటి గుక్క తాగాను. ఆఖరుకు ఒకటి మిగిలింది. మస్తానయ్య వేలు పెట్టి చూపించినది. దాన్ని మా ఆయన తీసుకున్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున గని బండి వీధి మొగన హారన్ కొడుతుంది. ఆయన తిత్తి నింపుకుని, మూతి విప్పి నా చేతికిస్తాడు. కోపంగా కాదు, వేళాకోళంగా కాదు. ఊరికే ఇస్తాడు. వసారాలో మామ ఎవరితో మాట్లాడుతున్నా, ఆ క్షణం మాట ఆపి తల పక్కకు వంచి వింటాడు. నేను ఒక గుక్క తాగుతాను. ఒక్కసారే మింగుతాను. నీళ్ళు తియ్యగా ఉంటాయి. మా ఆయన తిత్తిని భుజాన వేసుకుని, దగ్గుకుంటూ పోయి బండెక్కుతాడు.